అక్కకి మిగిలిన మాట

కుట్టు మిషన్ పక్క నుంచి,
మధ్యాహ్నం

పిడుగుకి బావ రాస్తున్నది.

మేమంతా క్షేమం అని మొదలుపెడదామంటే చెయ్యి సాగడం లేదు. సగం క్షేమం అనుకో. మిగతా సగం సంగతే ఈ ఉత్తరం.

నీ సెలవు అయిపోయి నువ్వు వెళ్ళాక మీ అక్కని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. పక్షవాతం పట్టిన కుడి చెయ్యి ఇంకా మొరాయిస్తోంది. కాలు మాత్రం మాట వింటోంది, కర్ర పట్టుకుని వంటగది దాకా నడుస్తోంది. మాటే రావడం లేదు. బొత్తిగా రావడం లేదని కాదు, ఒక్కటి వస్తోంది. "సెట్" అంటుంది. ఏమడిగినా అదే, ఏం కావాలన్నా అదే.

ఇది ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే ఇక్కడ అక్క ఏడుస్తుంది. మొన్న ఇద్దరూ చెరో చివరా ఏడుస్తుంటే మధ్యలో ఫోను పట్టుకున్న నేను ఎవర్ని ఊరుకోబెట్టాలో తెలియక చచ్చాను. అందుకే ఉత్తరం. కాగితం మీద నీ ఏడుపు వినపడదు. పైగా అయినవాళ్ళ ఉత్తరాలు పైకి చదివి వినిపించమని మాటల డాక్టరమ్మ కూడా చెప్పింది. పోయిన మాటలు మళ్ళీ నేర్పడానికి ఇంటికొస్తున్న అమ్మాయికి మేం పెట్టుకున్న పేరది.

ఈ మాటే ఎందుకు మిగిలిందని ఆవిణ్ణి అడిగాను. "ఆవిడ ఏం పని చేసేవారండీ?" అంది. పళ్ళ సెట్లు కట్టేదన్నాను. డాక్టరమ్మకి నవ్వొచ్చింది, వెంటనే సారీ చెప్పింది. నాకూ నవ్వొచ్చింది. నువ్వే ఆలోచించు, ముందు గదిలో అక్క ల్యాబు, వెనక గదిలో నా మిషను, మధ్యలో తలుపు లేని గుమ్మం. ఇన్నేళ్ళూ నా చెవిలో పడింది ఏమిటి? అచ్చులో ప్లాస్టర్ సెట్ అయిందా, ముందు పళ్ళు మైనంలో సెట్ చేశావా, ఈ కింది సెట్ ఎవరిది, బస్టాండు తాతగారి సెట్ వదులైందట. పొద్దస్తమానం అదే మాట. ఇల్లు మునిగేటప్పుడు చేతికందిన గిన్నె పట్టుకుని బయటపడతాం చూడు, అలా పట్టుకొచ్చుంటుంది.

కానీ పిడుగూ, ఆ ఒక్క గిన్నెతోనే సంసారం నడిపేస్తోంది. పొద్దున కర్టెన్ తీస్తే "సెట్" అంటుంది, కళ్ళలో ఎండ పడుతోందని. టీ తాగి పెదవి విరిచి "సెట్" అంటుంది, చక్కెర తక్కువైందని. జాకెట్టుకి బొత్తాలు పెట్టబోతే "సెట్!" అని చెయ్యి తోసేస్తుంది. వీధి వీధంతా ఆడవాళ్ళ జాకెట్లు కుట్టినవాణ్ణి, సొంత పెళ్ళానికి బొత్తాం పెట్టడానికి పనికిరాలేదు.

ఆ ఒక్కటైనా మిగిల్చినందుకు దేవుడికి దండం పెట్టాను. నవ్వకు, నిజంగానే పెట్టాను. ఆసుపత్రిలో పక్క మంచం ఆయనకి అదీ మిగల్లేదు. నువ్వు జవాబు రాయి, అక్క నీ ఉత్తరం కోసం చూస్తుంది.

మీ బావ


టికెట్ కౌంటరు వెనక గది,
భోజనాల వేళ

బావా,

ముందు ఒక సంగతి. కవరు మీద కూడా "పిడుగు" అని రాయాలా? ఉత్తరాలు పంచే అతను డిపో అంతా తిరిగి "ఇక్కడ పిడుగెవరండీ" అని అడిగాడు. అందరూ ఏమాత్రం ఆలోచించకుండా నా కౌంటరు చూపించారు.

నీ ఉత్తరం చదివి ఏడవలేదు. సరే, ఏడ్చాను. బొత్తాం దగ్గరికొచ్చేసరికి నవ్వాను. ఇక్కణ్ణుంచి అక్కకి గట్టిగా చదువు, మింగకుండా.

అక్కా, నీ మాట కోసం ఇంగ్లీషు డిక్షనరీ తిరగేశాను. నా పక్క సీటు ఆవిడ కూతురిది అడిగి తెచ్చుకున్నాను. ఉన్నవి మూడక్షరాలు, దాని అర్థాలు పేజీ దాటి పక్క పేజీలోకి వెళ్ళాయి. పొద్దు గూకడం అదే మాటట. ప్రయాణానికి బయల్దేరడం కూడా అదే. పెరుగు తోడుకోవడం, విరిగిన ఎముక సరిచేసి కట్టడం, నగలో రాయి పొదగడం, పరీక్షకి పేపరు తయారుచెయ్యడం, నాటకానికి గోడలు నిలబెట్టడం, గడియారం సరిచెయ్యడం, ఎలుకకి బోను పెట్టడం, అన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. చదివి చదివి నాకే ఆయాసం వచ్చింది. నువ్వు చెయ్యి పెట్టి ఏదో ఒక మాట అందుకున్నావని బావ అంటాడు. నేను ఒప్పుకోను. నువ్వు కూరగాయల కొట్లో కూడా వంకాయ గిల్లి చూసి గానీ తీసుకోవు. అన్నిటికీ పనికొచ్చే మాట చూసి మరీ ఏరుకున్నావు.

మా డిపోలో ఇంకో డిక్షనరీ ఉంది. మొండికేసిన బస్సుని మెకానిక్ ఏదో తిప్పి "సెట్" అంటాడు. డ్యూటీలు మార్చుకోవాలంటే డ్రైవర్లు టీ కొట్టు దగ్గర సెట్ చేసుకుంటారు. పక్క సీటు ఆవిడ కూతురికి సంబంధం సెట్ అయింది, అందుకే డిక్షనరీ నాకిచ్చేసింది. నాకూ మా మేనేజరుకీ మాత్రం ఈ జన్మలో సెట్ కాదు.

బావా, ఇది నీకు. అమ్మ పోయాక అక్క నన్ను మీ ఇంటికి తీసుకొచ్చినప్పుడు మీకు పెళ్ళై ఏడాది కూడా కాలేదు. నువ్వు ఒక్క మాట అనకుండా నీ మిషన్ పక్కకి జరిపి నా పరుపు వేశావు. నేను తిన్న తిండి, చదివిన చదువు, కూర్చున్న ఈ కుర్చీ, అన్నీ మీ ఇద్దరివే. ఇక్కడ నా ముందు గది ఖాళీగా ఉంది. మెట్లు లేవు. పెద్దాసుపత్రి దగ్గర. నీ మిషన్ కిటికీ కింద పడుతుంది, కొలిచి చూశాను. వంటా, కుట్టూ, అక్కా, అన్నీ నువ్వొక్కడివే ఎన్నాళ్ళు లాగుతావు? ల్యాబు అక్క శిష్యురాలికి అప్పగించి వచ్చెయ్యండి. ఇన్నేళ్ళూ మీ దగ్గర నేనున్నాను, ఇక నా దగ్గర మీరుండండి. కాదనకు.

పిడుగు


మళ్ళీ అదే మిషన్ పక్క నుంచి,
వానలు మొదలయ్యాక

పిడుగమ్మా,

నీ డిక్షనరీ ఉత్తరం అక్క మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. వంకాయ దగ్గర ప్రతిసారీ నవ్వింది. ఎలుక బోను దగ్గర నా వైపు చూసింది, ఎందుకో తెలియదు.

ఇప్పుడు రోజూ ల్యాబులో కూర్చుంటోంది. శిష్యురాలు గుర్తుందిగా, పని కన్నా పళ్ళు బావున్నాయని అక్క చేర్చుకుందని నువ్వు ఏడిపించేదానివి. తనే ఇప్పుడు మొత్తం చేస్తోంది. మొన్న ఒకావిడ సెట్ తయారవుతోంది. దవడలా తెరుచుకుని మూసుకునే ఇత్తడి పనిముట్టు ఉందే, దాని మీద మైనం పెట్టి అందులో పళ్ళు నిలబెడుతోంది శిష్యురాలు. అక్క పక్కన కూర్చుని "సెట్" అంది, చప్పగా. శిష్యురాలు ఒక పన్ను పీకి కాస్త వంచి పెట్టింది. "సెట్" అంది అక్క, ఇంకొంచెం అన్నట్టు. ఇంకొంచెం వంచింది. అప్పుడు అక్క వెనక్కి వాలి "సెఏట్" అంది, వేడి టీ మొదటి గుక్క తాగినట్టు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ బాగుచేసిన మనిషి నోటికే ఇలా అయిందని గుమ్మంలో నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నాను. తర్వాత ఆ "సెఏట్" తల్చుకుని సంతోషించాను. పని ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

ఇక నా గొప్ప చెప్పుకోనీ. ఈ ఇంట్లో ఇప్పుడు అసలు డిక్షనరీని నేను. అక్క నోరు తెరవకముందే నాకు తెలిసిపోతోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఏమంటున్నారండీ?" అని నన్నే అడుగుతారు. నేను టకటకా చెప్పేస్తుంటే నోళ్ళు వెళ్ళబెడతారు. "మొగుడంటే ఇలా ఉండాలి" అని ఎదురింటావిడ వాళ్ళాయన వినేలా అంది. ఆయన అప్పటి నుంచీ నాకు గుడ్డలివ్వడం మానేశాడు. డాక్టరమ్మ అడిగే ప్రశ్నలకి కూడా సగం జవాబులు నావే.

నీ గది సంగతి. నాకూ ఒళ్ళు అలిసిపోయింది పిడుగూ, నీ దగ్గర దాపరికం ఎందుకు. కత్తెర పట్టుకుంటే మధ్యాహ్నానికే వేళ్ళు లాగుతున్నాయి. నిన్న అక్కని కూర్చోబెట్టి అడిగాను. "పిడుగు దగ్గరికి వెళ్ళిపోదాం, ల్యాబు శిష్యురాలు చూసుకుంటుంది, సరేనా?" అన్నాను. "సెట్" అంది. ఇక నిశ్చింత. వానలు తగ్గగానే వచ్చేస్తాం. నువ్వు మమ్మల్ని భరించగలవో లేదో చూద్దాం.

నీ బావ


ఇల్లంతా సున్నం వాసన,
ఆదివారం

బావా, అక్కా,

ఉత్తరం చదివి కౌంటరులో నేను వేసిన కేకకి లైన్లో ఉన్న పెద్దాయన టికెట్ వద్దని వెళ్ళిపోయాడు. మెకానిక్ వచ్చి గోడ పొడుగునా ఇనుప కడ్డీ బిగించాడు, అక్క పట్టుకుని నడవడానికి. బాత్రూములో గరుకు పలకలు వేయించాను. మంచం కిటికీ వైపు తిప్పాను. అక్క పొద్దున కళ్ళలో ఎండ పడుతోందంటే మళ్ళీ ఇటు తిప్పుతాను.

గోడలకి రంగు వెయ్యాలి. లేత పసుపా, లేత నీలమా? అక్కనడిగి చెప్పండి. అక్క చెప్పిందే వేయిస్తాను.

నాకు పనికి వెళ్ళేటప్పుడు కూడా నవ్వొస్తోంది. సాయంత్రం ఇంటికొస్తే మీరిద్దరూ ఉంటారు, అది చాలు.

పిడుగు


మిషన్ దగ్గర కాదు, వీధి అరుగు మీద నుంచి

పిడుగుకి,

ఈ ఉత్తరం అక్కకి తెలియకుండా రాస్తున్నాను. నువ్వు జవాబు రాస్తే అదీ చదివి వినిపించను. కాబట్టి తిట్లు తిట్టాలంటే తిట్టేసెయ్యి.

నీ రంగుల ఉత్తరం వచ్చినప్పుడు డాక్టరమ్మ ఇక్కడే ఉంది. పైకి చదివాను. "పసుపా, నీలమా?" అని చదివి, తల కూడా ఎత్తకుండా "నీలమే, ఆవిడకి నీలం ఇష్టం" అని నేనే చెప్పేశాను. ఎత్తి చూస్తే అక్క నోరు సగం తెరుచుకుని ఉంది. మెల్లగా మూసేసింది.

డాక్టరమ్మ నన్ను వాకిట్లోకి పిలిచింది. చిన్న పిల్లే, కానీ మాట సూటిగా ఉంటుంది. "మీరు ఆవిణ్ణి ఎంత బాగా చూసుకుంటున్నారో చూస్తూనే ఉన్నాను. అదే ఇప్పుడు ఇబ్బందవుతోందండీ" అంది. నాకర్థం కాలేదు. "ఆవిడ సెట్ అనగానే మీకు అర్థమైపోతోంది. అలాంటప్పుడు రెండో మాట కోసం ఆవిడెందుకు కష్టపడాలి? అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరేమో అడగకముందే పెట్టేస్తున్నారు. ఈ మొదటి నెలల్లో వచ్చినంత తొందరగా మాటలు తర్వాత రావు. ఈ కొన్నాళ్ళూ మీకు అర్థం కాకూడదు" అంది.

అర్థం కాకూడదట. ఆ మాట నాకు గుండెలో సూది దిగినట్టు దిగింది. మనిషి ఆసుపత్రిలో పడ్డ రోజు నుంచీ నేను చేసిన మంచి పని ఇదొక్కటే అనుకున్నాను. రోజంతా తన ముఖమే చదివాను. ఇప్పుడు తనకి దాహం వేస్తోందని తెలిసి కూడా తెలియనట్టు నిలబడాలట. డాక్టరమ్మ వెళ్ళాక ప్రయత్నించాను. అక్క మంచినీళ్ళ వైపు చూసి "సెట్" అంది. "ఏం కావాలి?" అన్నాను. నా వైపు ఎలా చూసిందో చెప్పలేను. మరుక్షణం గ్లాసు చేతికిచ్చేశాను.

ఇక్కడ ఇంకెవరున్నారు నాకు అడగడానికి? నువ్వే చెప్పు. నీ వల్ల కాదు అని చెప్పినా సరే, వింటాను.

బావ


టికెట్ కౌంటరు,
కిటికీ మూసేసి

బావా,

ముందు ఆ డాక్టరమ్మని తిడుతూ పేజీ మొత్తం రాసి చింపేశాను. తర్వాత బస్సుల మధ్య అటూ ఇటూ తిరిగి వచ్చి ఇది రాస్తున్నాను.

నేను మీ ఇంటికొచ్చిన కొత్తలో నోరు విప్పేదాన్ని కాదు, గుర్తుందా? నీకు గుర్తుండదు, నువ్వు అప్పుడు పగలంతా టైలరింగ్ షాపులో ఉండేవాడివి. అమ్మ పోయినప్పటి నుంచీ నేను ఏది కావాలన్నా వేలు చూపించేదాన్ని. ఇంటికొచ్చే వాళ్ళంతా అయ్యో పాపం అని ఇచ్చేసేవాళ్ళు. అక్క మాత్రం ఇవ్వలేదు. నేను బిందె వైపు వేలు చూపిస్తే "ఏమో, నాకు తెలియడం లేదు" అనేది. అన్నం గిన్నె చూపిస్తే "ఏంటే, మూత కావాలా?" అని మూత ఇచ్చేది. ఎంత కోపం వచ్చేదో! ఇంతకన్నా రాక్షసి ఉంటుందా అనుకున్నాను. ఒకరోజు మూత విసిరికొట్టి "అన్నం!" అని అరిచాను. అక్క అక్కడే చతికిలబడి నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. అప్పటి నుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నాను. నన్ను పిడుగుని చేసింది అక్కే, నువ్వు పేరు మాత్రం పెట్టావు.

అక్క వల్ల అయింది, నీ వల్ల కూడా అవుతుంది. నీ ముఖం నీ మాట వినదని నాకు తెలుసు, కాబట్టి తల వంచుకో, గుడ్డ కత్తిరిస్తున్నట్టు నటించు. నీ చేతులు పట్టుకుని చెప్తున్నాను బావా, అర్థం కానివ్వకు. అక్క నిన్ను తిడితే, తిట్టడానికైనా మాట కావాలిగా!

గదికి నీలమే వేయించాను. పని మొదలైపోయింది, ఏం చెయ్యను.

పిడుగు


ల్యాబు గదిలో, ప్లాస్టర్ బస్తా మీద కూర్చుని

పిడుగూ,

బస్తా మీద కాగితం సరిగ్గా ఆనడం లేదు, అక్షరాలు కొక్కిరిబిక్కిరి గీతలైతే సర్దుకో. మొదట్నుంచీ చెప్తాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. టీలో కావాలనే చక్కెర వెయ్యలేదు. "సెట్" అంది. "అర్థం కాలేదు" అన్నాను, తల వంచుకుని. "సెట్" అంది. అర్థం కాలేదన్నాను. గ్లాసు తీసి నేల మీద బోర్లించింది. తుడుస్తూ నేనే ఏడ్చాను. కర్టెన్ దగ్గర అదే గొడవ, దుప్పటి దగ్గర అదే గొడవ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉందనుకుని ఉంటుంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ "సెట్" కూడా అనడం మానేసింది. ఒకరోజు కాదు, కొన్ని రోజులు. మిషన్ ఆపితే ఇంట్లో చప్పుడే లేదు. ఉన్న ఒక్క మాటనీ నేను చేజేతులా పోగొట్టానని భయమేసింది. డాక్టరమ్మ ఓపిక పట్టమంది. ఆవిడకేం, ఎన్నయినా చెబుతుంది అనుకున్నాను.

ఈలోగా వానలు తగ్గాయి. నీ దగ్గరికి రావాలిగా, శిష్యురాలు అట్టపెట్టె తెచ్చింది. అక్క పనిముట్లు కొన్ని తనకి ఇచ్చేసి, కొన్ని గుర్తుగా పట్టుకొద్దామని నా ఆలోచన. ఇత్తడి దవడ పెట్టెలో పెట్టాం. అక్క మైనం చెక్కే కత్తి ఉంది చూడు, పిడి అరిగి తన వేళ్ళ ఆకారం వచ్చేసింది, అది తీసి శిష్యురాలి చేతికిచ్చి "ఇది నీకేనమ్మా" అన్నాను.

కర్ర చప్పుడైంది. చూస్తే అక్క గుమ్మంలో ఉంది. "సెట్" అంది.

అన్ని రోజుల తర్వాత అది వినగానే నా ప్రాణం లేచొచ్చింది. పూర్తిగా అర్థమైంది కూడా, అక్కడ పెట్టెయ్యమంటోంది. నీకేం చెప్పాలి, నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ళు నేలకి దించి "అర్థం కాలేదు" అన్నాను. "సెట్. సెట్!" అంది. "అర్థం కాలేదు." శిష్యురాలు ఏడుపు మొదలుపెట్టింది. "ఏమిటమ్మా, ఏం కావాలమ్మా" అంటోంది కత్తి పట్టుకుని. అక్క ముఖం ఎర్రబడింది. పెదవి పళ్ళ కింద నొక్కింది, వదిలింది. మళ్ళీ నొక్కింది. "వ... వ..." అంది.

"వద్దు."

నేనెంత మూర్ఖుణ్ణంటే, అలవాటైపోయిన నోటితో "అర్థం కాలేదు" అన్నాను.

"వద్దు!" అని అరిచింది. వీధిలోకి వినపడింది. శిష్యురాలి చేతిలో కత్తి కిందపడింది. నేను ఈ బస్తా మీద కూలబడ్డాను. పెళ్ళయినప్పటి నుంచీ ఎన్ని వద్దులు విన్నానో, ఏ ఒక్కటీ ఇంత తియ్యగా లేదు.

కాస్త తేరుకుని అడిగాను. "కత్తి ఇవ్వొద్దా?" "వద్దు." "పెట్టె సర్దొద్దా?" "వద్దు." ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. అడగాలంటే భయమేసింది, కానీ అడిగాను. "పిడుగు ఇంటికి వెళ్ళొద్దా?"

నా వైపు చూసింది. కళ్ళు నిండాయి. "వద్దు" అంది, మెల్లగా.

ఇది కూడా పాత "సెట్" లాగే అన్నిటికీ అంటోందేమోనని అనుమానం వచ్చింది. "టీ వద్దా?" అన్నాను. వెంటనే చెయ్యి చాపింది. "ఈ మొగుడు వద్దా?" అన్నాను. ఆలోచించింది. అంతసేపు ఆలోచించడం నాకు నచ్చలేదు. ఆఖరికి "సెట్" అంది. శిష్యురాలు ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత అక్క వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. కత్తి ఎడం చేత్తో తీసుకుంది. మైనం మీద ఒక గీత గీసింది, వంకరగా. ఇంకోటి గీసింది. ఇప్పటికీ గీస్తూనే ఉంది, నేను చూస్తూ రాస్తున్నాను.

పిడుగూ, ఆ రోజు "సరేనా" అని నేనడిగితే "సెట్" అంది, నేను సరే అని నీకు రాసేశాను. ఒక్క మాటే ఉన్న మనిషి ఇంకేమంటుంది? తనకి కాదనే దారే లేదు. నా అలుపు చూసుకుని అడిగాను, నాకు కావాల్సిన జవాబు విన్నాను. నువ్వు గోడలకి రంగు వేయించావు, కడ్డీ బిగించావు, సంతోషంతో కేకలు పెట్టావు. ఇప్పుడు నీకేమని చెప్పను? నీ మీద కోపంతో కాదని మాత్రం తెలుసు. ఆ మాటన్నాక నీ డిక్షనరీ ఉత్తరం బల్ల సొరుగులోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నువ్వు కష్టపెట్టుకోకు అని రాయను. కష్టపెట్టుకుంటావు.

బావ


నీలం గది నుంచి,
సాయంత్రం

బావా,

ఇది అక్కకి చదువు. మొదట్నుంచి చివరిదాకా, ఒక్క ముక్క మింగినా ఊరుకోను.

అక్కా, నీ "వద్దు" అందింది.

కష్టపెట్టుకున్నాను. నిజం చెప్పాలిగా. ఆ రోజు డిపో నుంచి తిన్నగా ఈ గదిలోకొచ్చి కొత్త మంచం మీద కూర్చున్నాను. నీ కోసం ఇంత చేస్తే వద్దంటావా అని గోడతో పోట్లాడాను. గోడ నీలంగా చూస్తూ కూర్చుంది. అసలు నీకు నీలం ఇష్టమో కాదో కూడా ఇప్పుడు నాకు అనుమానమే, అది చెప్పింది బావ.

తర్వాత ఆలోచించాను. చిన్నప్పటి నుంచీ నువ్వు నాకు ఏదీ వద్దనలేదు. మూత ఇచ్చి ఏడిపించిన రోజుల్లో కూడా ఆఖరికి అన్నం పెట్టావు. నేను చదువుతానంటే సరే అన్నావు. హాస్టల్లో ఉంటానంటే సరే అన్నావు. పెళ్ళొద్దు, ఉద్యోగం చేసుకుంటానంటే అందరితో పోట్లాడి సరే అన్నావు. నాకు సరే అనడానికి నువ్వు నీకు ఎన్ని వద్దనుకున్నావో నేను లెక్క చూసుకోలేదు. చీర వద్దు, నగ వద్దు, పిల్లలు అప్పుడే వద్దు, తర్వాత ఇక లేకపోయినా పర్లేదు అనుకున్నావు. ఆ వద్దులన్నీ లోపల్లోపలే అనుకున్నావు, ఒక్కటీ పైకి వినిపించలేదు.

మొదటిసారి నాకు ఎదురుగా వద్దన్నావు. నీ బల్ల కోసం, నీ కత్తి కోసం అన్నావు. ఎన్నాళ్ళకన్నావు! నీ ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి ఒక మాట తెచ్చుకుంటే అది నీ కోసం తెచ్చుకున్నావు. నేను సంతోషించకపోతే ఇంకెవరు సంతోషిస్తారు? నా గదిలో కూర్చుని సెట్ సెట్ అనే అక్క కన్నా, అంత దూరాన నాకు వద్దని చెప్పే అక్కే నాకు కావాలి. నీకు నేను ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళకి ఎవరు చెబుతారు, సిగ్గేస్తుంది. కాగితం కదా, చెప్పేస్తున్నాను. నన్ను పెంచినందుకు థాంక్స్ అక్కా. వద్దన్నందుకు ఇంకా పెద్ద థాంక్స్.

గది సంగతి దిగులుపడకండి. పక్క సీటు ఆవిడ కూతురి పెళ్ళికి దూరం నుంచి చుట్టాలు వస్తున్నారు, వాళ్ళకి ఇస్తానన్నాను.

బావా, నువ్వు మనిషిని పెట్టుకో. వంటకైనా పెట్టుకో. నీ వేళ్ళ సంగతి నువ్వు చెప్పావు, నేను మర్చిపోలేదు. ఆ డాక్టరమ్మకి నా దండాలు చెప్పు. చింపేసిన పేజీ సంగతి చెప్పకు.

మీ పిడుగు


అక్క బల్ల పక్క నుంచి

పిడుగుకి,

నీ ఉత్తరం మొత్తం చదివాను. మింగలేదు. మధ్యలో ఒకచోట నేను ఆగితే శిష్యురాలు నా భుజం మీంచి చూసి అందుకుని చదివింది.

అక్క కత్తి బల్ల మీద పెట్టేసి వింది. అయిపోయాక నేను ఏమీ అడగలేదు, ఇప్పుడిప్పుడే ఆ విద్య వస్తోంది నాకు. శిష్యురాలు టీ పెట్టడానికి లేచింది. అప్పుడు అక్క నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుంది. చివర నీ పేరున్న చోట వేలు పెట్టింది. పెదవులు కూడగట్టుకుంది. రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. వచ్చింది.

నేను "అర్థం కాలేదు" అన్నాను. ఈసారి నటన కాదు, చెవులు నమ్మలేక అన్నాను. నీ పేరు మీద వేలితో గట్టిగా కొట్టి మళ్ళీ అంది, ఇంకా స్పష్టంగా అంది.

డిక్షనరీ ఉద్యోగం మానేశాను కాబట్టి నా అర్థం కలపకుండా, అక్క అన్నది అన్నట్టుగా రాస్తున్నాను.

"రా."